మన కార్ఖానా: ఊడిపోని గొలుసు పట్టీ



ఈ నెల మన కార్ఖానా తలుపు తెరవటానికి ముందు నేను ఒక తప్పు ఒప్పుకోవాలి.

కిందటి నెల మనం టాంకు బొమ్మ చేసుకున్నాం కదా! చక్రాల చుట్టూ పాత సైకిలు ట్యూబు ముక్కను రబ్బరు బాండులాగా తొడిగితే చాలునని, గొలుసు పట్టీ తయారైనట్టేనని రాశాను. చాలామంది అలాగే చేశారు. వారిలో ఏడో తరగతి చదివే అబ్బాయి ఒకడు నాకు ఉత్తరం రాశాడు.

ఆ అబ్బాయి తన టాంకును బడిలో సైన్సు ప్రదర్శనకు తీసుకువెళ్లాడు. బల్ల మీద అది తిన్నగా బాగానే నడిచింది. అంతలో సైన్సు మాస్టారు వచ్చి, "బాగుందిరా! ఏదీ, ఒకసారి పక్కకు తిప్పు చూద్దాం!" అన్నారు. తిప్పగానే ఎడమవైపు పట్టీ ఊడి బల్ల మీద పడింది. మళ్లీ తొడిగాడు, మళ్లీ ఊడింది. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఇంటికి వచ్చి పట్టీని ఇంకాస్త బిగించి చూశాడు. ఈసారి చక్రాలే తిరగలేదు. వదులు చేస్తే మళ్లీ ఊడిపోయింది. ఉత్తరం చివర ఒకే ఒక ప్రశ్న అడిగాడు: "నేను సరిగ్గా చెయ్యలేదా? మీరు సరిగ్గా చెప్పలేదా?"

న్యాయమైన ప్రశ్న. నేను ఆ బొమ్మను మళ్లీ చేసి, చాప మీద పది సార్లు తిప్పి చూశాను. ఏడు సార్లు పట్టీ ఊడింది. కాబట్టి జవాబు ఇది: నాయనా, నువ్వు సరిగ్గానే చేశావు. నేనే సరిగ్గా చెప్పలేదు.

తప్పు ఒప్పుకుంటే చాలదు, సరిదిద్దాలి. అందుకే ఈ నెల పని అంతా గొలుసు పట్టీ గురించే.

పెద్దవాళ్లకూ ఊడింది

ముందుగా ఒక సంగతి చెబుతాను, వింటే ఆ అబ్బాయి మనసు తేలికపడుతుంది.

1915లో, మొదటి ప్రపంచ యుద్ధం జరుగుతున్నప్పుడు, ఇంగ్లండులోని లింకన్ అనే ఊళ్లో మొట్టమొదటి టాంకును తయారు చేశారు. చేసినవారు విలియం ఫాస్టర్ అనే యంత్రాల కంపెనీవారు. ఆ కంపెనీని నడిపే విలియం ట్రిట్టన్, వాల్టర్ విల్సన్ అనే మరో ఇంజనీరు కలిసి దాని రూపం ఆలోచించారు. పట్టీలు మాత్రం సొంతంగా చేసుకోలేదు. అమెరికాలో పొలం బండ్ల కోసం తయారైన గొలుసు పట్టీలను తెప్పించి తగిలించారు.

సెప్టెంబరులో బండి కదిలింది, నేల మీద నడిచింది. కాని కందకం దాటేటప్పుడు, కింద నేల లేని చోట పట్టీ వేలాడిపోయింది. అవతలి గట్టు చేరాక వేలాడిన పట్టీ మళ్లీ చక్రాల మీదికి సరిగా ఎక్కలేదు. పక్కకు జారి ఊడిపోయింది. అచ్చంగా మన బల్ల మీద జరిగినట్టే!

ట్రిట్టన్, విల్సన్ ఊరుకోలేదు. బలాటా అనే ఒక రకం చెట్టుపాలతో చేసిన బెల్టును పరీక్షించారు. అది పనికిరాలేదు. చివరకు ట్రిట్టన్ ఉక్కురేకును అచ్చులో నొక్కి పలకలు చేయించి, వాటిని గొలుసు లంకెలకు బిగించి, లోపలివైపు బండి చట్రాన్ని పట్టుకుని నడిచే అంచులు పెట్టాడు. కింద నేల ఉన్నా లేకపోయినా ఆ పట్టీ చట్రాన్ని వదలదు. అది నెగ్గింది. ఆ బండి పేరు 'లిటిల్ విల్లీ'. ఇప్పటికీ ఇంగ్లండులోని బోవింగ్టన్ టాంకుల ప్రదర్శనశాలలో దాన్ని చూడవచ్చు. మరుసటి సంవత్సరం, 1916 సెప్టెంబరు 15న, దాని తరువాతి రకం టాంకులు మొదటిసారి యుద్ధంలోకి దిగాయి.

'టాంకు' అనే పేరు ఎలా వచ్చిందో తెలుసునా? శత్రువులకు గుట్టు తెలియకూడదని, తాము చేస్తున్నది నీళ్ల తొట్టి అని పైకి చెప్పారు. నీళ్లు లేకపోయినా ఆ పేరు నిలిచిపోయింది.

చక్రం ఉండగా పట్టీ దేనికి?

వరికోతల రోజుల్లో మీ ఊరి పొలాలకు వెళ్లి చూడండి. మడి ఆరి ఉంటే టైర్ల మిషను కోస్తుంది. మడిలో తడి ఉంటే, "టైర్లది దిగబడుతుంది, చైను మిషను పిలవండి!" అంటారు రైతులు. ఆ చైను మిషను కింద ఉండేది గొలుసు పట్టీయే. చెరువు పూడిక తీసే పొక్లెయినుకు ఉండేదీ అదే.

ఇందులో రహస్యం బరువు తగ్గించటం కాదు, బరువు పంచటం. బురదలో నడిచేటప్పుడు కాలు దిగబడుతుంది. అదే బురద మీద ఒక పలక వేసి దాని మీద నడిస్తే దిగబడదు. మీ బరువు అంతే ఉంది. కాని అది ఎక్కువ జాగా మీదికి పంచుకుపోయింది.

లెక్క వేసి చూద్దాం. 40 టన్నుల టాంకు ఒకటి ఉందనుకోండి. నేలను ఆనే ఒక్కొక్క పట్టీ పొడవు నాలుగున్నర మీటర్లు, వెడల్పు 60 సెంటీమీటర్లు అనుకోండి. రెండు పట్టీలు ఆనే జాగా 54,000 చదరపు సెంటీమీటర్లు. 40 టన్నులంటే 4 కోట్ల గ్రాములు. భాగిస్తే చదరపు సెంటీమీటరు మీద పడే బరువు సుమారు 740 గ్రాములు మాత్రమే!

ఇక కారు సంగతి. కారు టైరుకు సుమారు 30 పౌన్ల గాలి కొడతారు. అంటే చదరపు సెంటీమీటరుకు 2 కిలోల పైమాట. టైరు నేలను నొక్కేది కూడా ఇంచుమించు అంతే. చూశారా! ఏనుగులాంటి టాంకు కంటే చిన్న కారే నేలను దాదాపు మూడు రెట్లు గట్టిగా నొక్కుతున్నదన్నమాట.

మన పట్టీ ఎందుకు ఊడింది?

మోటారు కారు ముందు చక్రాలను పక్కకు తిప్పుకుని మలుపు తిరుగుతుంది. టాంకుకు ఆ వీలు లేదు. ఒక పట్టీ ఆగి, రెండోది నడిస్తే బండి తిరుగుతుంది. అలా తిరిగేటప్పుడు పట్టీ నేల మీద పక్కకు ఈడ్చుకుపోతుంది. నేల దాన్ని చక్రాల మీదినుంచి పక్కకు తోసేస్తుంది. ఆ తోపుడును ఆపటానికి మన ట్యూబు ముక్కకు ఏ ఆధారమూ లేదు. ఇది మొదటి కారణం.

రెండో కారణం వదులు. మూడోది చక్రాలు ఒకే వరుసలో లేకపోవటం. ఒక్క చక్రం వంకరగా ఉన్నా పట్టీ మెల్లమెల్లగా ఒక పక్కకు పాకుతుంది.

మూడింటికీ మూడు మందులున్నాయి. పక్క తోపుడుకు కొమ్ములు, వదులుకు చీలిక, వంకరకు జంట బెజ్జాలు. ఒక్కొక్కటే చేసుకుందాం.

కావలసిన సామాను

1. పాత పారకామ, సుమారు 4 సెంటీమీటర్ల లావు ఉన్నది, 25 సెంటీమీటర్ల ముక్క.
2. సుమారు 2 సెంటీమీటర్ల లావున్న జెండాకర్ర ముక్క.
3. రెండున్నర సెంటీమీటర్ల వెడల్పున్న నూలు నాడా, ఒకటిన్నర మీటర్లు.
4. ఐసుక్రీము పుల్లలు 50. పుల్ల వెడల్పు 1 సెంటీమీటరు ఉండాలి.
5. సైకిలు స్పోకులు మూడు. సైకిలు షాపులో పాతవి ఊరికే ఇస్తారు.
6. పలుచని చెక్క పలకలు రెండు, ఒక్కొక్కటి 24 సెంటీమీటర్ల పొడవు, 3 సెంటీమీటర్ల వెడల్పు.
7. చెక్కకు వాడే తెల్ల జిగురు, సూది, గట్టి దారం, గరుకు కాగితం, కొవ్వొత్తి, పాత బాల్‌పెన్ను గొట్టాలు, సైకిలు వాల్వు ట్యూబు కొంచెం.

రంపంతో కోయటం, బెజ్జాలు వేయటం ఇంట్లో పెద్దవాళ్లు పక్కన ఉన్నప్పుడే చేయండి. పారకామను బిళ్లలుగా కోయటం వడ్రంగికి అయిదు నిమిషాల పని. ఆయన ఎలా కోస్తున్నాడో దగ్గర నిలబడి చూడండి. అదీ ఒక పాఠమే.

చక్రాలు

పారకామను 8 మిల్లీమీటర్ల మందాన 20 బిళ్లలుగా కోయించండి. అన్నీ ఒకే కర్రలోంచి రావాలి. అప్పుడే అన్నిటి లావూ ఒకటిగా ఉంటుంది. జెండాకర్రను 7 మిల్లీమీటర్ల మందాన 10 బిళ్లలు కోయించండి.

బిళ్లకు నడిబొడ్డు ఎక్కడో కంటితో అంచనా వేయకండి. బిళ్లను కాగితం మీద పెట్టి చుట్టూ గీత గీసి, ఆ గుండ్రాన్ని కత్తిరించండి. దాన్ని సగానికి మడిచి, మళ్లీ సగానికి మడిచి విప్పండి. మడతలు రెండూ కలిసే చోటే కేంద్రం. కాగితాన్ని బిళ్ల మీద పెట్టి అక్కడ మేకుతో గుర్తు గుచ్చండి. ఆ గుర్తు మీద స్పోకు వదులుగా దూరేంత బెజ్జం వేయండి.

ఇప్పుడు ఒక స్పోకుకు కొవ్వొత్తి బాగా రాసి, దానికి ఒక పెద్ద బిళ్ల, ఒక చిన్న బిళ్ల, మళ్లీ ఒక పెద్ద బిళ్ల గుచ్చి జిగురుతో అతికించండి. మైనం ఉన్నందువల్ల స్పోకు అంటుకోదు. జిగురు ఆరాక స్పోకు లాగేయండి. మధ్యలో గాడి ఉన్న జంట చక్రం తయారైంది. గాడి వెడల్పు 7 మిల్లీమీటర్లు, లోతు 10 మిల్లీమీటర్లు. ఇలాంటివి పది చేయండి, పక్కకు అయిదు చొప్పున.

"రెండు కొసల్లో రెండు చక్రాలుంటే చాలదా? అయిదు ఎందుకు?" అని మీరు అడగవచ్చు. కొసల్లో మాత్రమే చక్రాలుంటే, బరువంతా ఆ రెండు చోట్లే నేల మీద పడుతుంది. మధ్యలో ఉన్న పట్టీ ఊరికే పడి ఉంటుంది. బరువు పట్టీ పొడుగునా పంచుకోవాలంటే మధ్య చక్రాలు ఉండి తీరాలి.

చట్రం

రెండు చెక్క పలకలనూ ఒకదాని మీద ఒకటి పెట్టి, కదలకుండా గట్టిగా కట్టండి. రెండింటికీ కలిపి ఒకేసారి బెజ్జాలు వేయాలి. విడివిడిగా వేస్తే ఒకటి అటూ ఒకటి ఇటూ అయి, ఇరుసు వంకరగా వస్తుంది. వంకరకు మందు ఇదే.

మొదటి బెజ్జం ఒక కొసనుంచి 2 సెంటీమీటర్ల దూరంలో వేయండి. అక్కడినుంచి 5, 10, 15 సెంటీమీటర్ల దూరంలో మరి మూడు. అయిదోది గుండ్రటి బెజ్జం కాదు, పొడుగాటి గాడి. మొదటి బెజ్జంనుంచి 19న్నర సెంటీమీటర్ల దగ్గర మొదలై 21 సెంటీమీటర్ల దాకా ఉండాలి. వరుసగా బెజ్జాలు వేసి, ఆకురాయితో రాస్తే గాడి అవుతుంది.

తరువాత కట్లు విప్పి, పలకల మధ్య అడ్డ చెక్కలు పెట్టి, బయటినుంచి బయటికి 7 సెంటీమీటర్లు ఉండేలా బిగించండి. స్పోకులను 14న్నర సెంటీమీటర్ల ముక్కలుగా కోసి బెజ్జాల్లో దూర్చండి. చట్రానికీ చక్రానికీ మధ్య 8 మిల్లీమీటర్ల బాల్‌పెన్ను గొట్టం ముక్క తొడగండి. లేకపోతే పట్టీ పుల్లలు చట్రానికి రాసుకుంటాయి. చక్రం బయటివైపు వాల్వు ట్యూబు ముక్క బిగిస్తే చక్రం జారిపోదు.

చక్రాలు స్పోకు మీద తిరగాలి గాని, స్పోకుతోపాటు తిరగకూడదు. అప్పుడే ఎడమ పట్టీ ఆగినా కుడి పట్టీ నడవగలదు.

పట్టీ పొడవు లెక్క

ఇక్కడ బడిలో నేర్చుకున్న లెక్క పనికొస్తుంది. కొస చక్రాల కేంద్రాల మధ్య దూరం 20 సెంటీమీటర్లు అనుకోండి. పైన ఒక 20, కింద ఒక 20, కలిపి 40. రెండు కొసల్లోనూ పట్టీ చెరో అరచక్రాన్ని చుడుతుంది. రెండు అరలు కలిస్తే ఒక చక్రం. చక్రం లావు 4 సెంటీమీటర్లు కనుక చుట్టుకొలత 4 × 22/7, అంటే 12.6 సెంటీమీటర్లు. మొత్తం 52.6 సెంటీమీటర్లు.

పుల్ల వెడల్పు 10 మిల్లీమీటర్లు, పుల్లకూ పుల్లకూ మధ్య సందు 3 మిల్లీమీటర్లు. అంటే ఒక్కొక్క పుల్లకు 13 మిల్లీమీటర్లు కావాలి. 526ను 13తో భాగిస్తే 40 వచ్చి ఇంకా 6 మిగులుతుంది. ఆ 6 మిల్లీమీటర్ల ముక్కను ఏం చేయాలి? అరపుల్ల పెట్టలేం కదా! అందుకని 41 పుల్లలు పెడదాం. అప్పుడు పట్టీ పొడవు 533 మిల్లీమీటర్లు అవుతుంది. 7 మిల్లీమీటర్లు పెరిగింది. పైనా కిందా చెరి సగం పంచితే, వెనక చక్రాన్ని సుమారు మూడున్నర మిల్లీమీటర్లు వెనక్కు జరపాలి. మనం బెజ్జానికి బదులు గాడి పెట్టింది ఇందుకే.

మీ పారకామ లావు సరిగ్గా 4 సెంటీమీటర్లు ఉండకపోవచ్చు. అప్పుడు ఈ లెక్క మీరే మళ్లీ వేసుకోవాలి. అనుమానం ఉంటే చక్రాల చుట్టూ దారం చుట్టి కొలవండి. లెక్క చేసిన తప్పును దారం పట్టిస్తుంది.

పట్టీ తయారు

పుల్లల గుండ్రటి కొసలు తీసేసి, ఒక్కొక్క పుల్లలో మూడున్నర సెంటీమీటర్ల ముక్కలు రెండు కోయండి. రెండు పట్టీలకూ కలిపి 82 ముక్కలు కావాలి. అంచులు గరుకు కాగితంతో రుద్దండి.

నాడా మీద 13 మిల్లీమీటర్ల చొప్పున 42 గడులు గీయండి. అంటే 54.6 సెంటీమీటర్ల నాడా. ఒకటో గడినీ, చివరి గడినీ ఖాళీగా వదిలి, మధ్యనున్న 40 గడుల్లో ఒక్కొక్క పుల్ల అడ్డంగా అతికించండి. పుల్ల రెండు పక్కలా నాడా దాటి సమానంగా బయటికి రావాలి. జిగురు పలుచగా రాయండి. సందులోకి కారితే అక్కడ నాడా కర్రలా బిగుసుకుపోతుంది. ఇక చక్రం దగ్గర వంగదు. రాత్రంతా ఆరనివ్వండి. తొందరపడితే పని చెడుతుంది.

మర్నాడు చివరి గడిని ఒకటో గడి మీద పెట్టి, సూది దారంతో గట్టిగా కుట్టండి. ఆ కుట్టు మీద 41వ పుల్ల అతికించండి. ఇప్పుడు పట్టీకి మొదలూ లేదు, చివరా లేదు.

కొమ్ములు

ఇదే అసలు మందు. మిగిలిన పుల్లలను 7 మిల్లీమీటర్ల ముక్కలుగా కోసి, రెండేసి ముక్కలు కలిపి అతికించండి. ఇది కొమ్ము. దీని ఎత్తు 7, పొడవు 10, మందం 4 మిల్లీమీటర్లు. పట్టీని లోపలిది బయటికి తిరగేసి, పుల్ల విడిచి పుల్ల చొప్పున, నాడాకు సరిగ్గా నడుమ, పట్టీ నడిచే దిక్కుగా ఒక్కొక్క కొమ్మును నిలబెట్టి అతికించండి. మొదట్లో నాలుగు పక్కలా కొంచెం జిగురు గట్టులాగా వేయండి. పైకొసలను కొద్దిగా సన్నగా చెక్కితే చక్రాల గాడిలోకి సులువుగా దూరుతాయి. 41 బేసిసంఖ్య కనుక ఒక చోట రెండు కొమ్ములు పక్కపక్కనే వస్తాయి. దానివల్ల నష్టం లేదు.

గాడి 7 మిల్లీమీటర్లు, కొమ్ము 4 మిల్లీమీటర్లు. అటూ ఇటూ ఒకటిన్నర మిల్లీమీటర్లు ఖాళీ ఉంది. ఆ ఖాళీ లేకపోతే రాపిడి ఎక్కువై పట్టీ బిగుసుకుంటుంది. మరీ ఎక్కువైతే పట్టీ ఊగులాడుతుంది. ఇక నేల పట్టీని ఎంత పక్కకు తోసినా, కొమ్ము వెళ్లి చక్రం గోడకు ఆనుకుంటుంది. నిజం టాంకుల్లో చాలా వాటికి ఇలాంటి కొమ్ములే జంట చక్రాల మధ్య నడుస్తాయి.

బిగింపు

వెనక ఇరుసును ముందుకు జరిపి, పట్టీ తొడగండి. తరువాత ఇరుసును వెనక్కు తోసి, గాడిలో దాని ముందు ఒక చిన్న చెక్క చీలిక దూర్చండి. ఎంత బిగించాలి? పైనున్న పట్టీని నడిమధ్య వేలితో ఎత్తి చూడండి. 3 నుంచి 5 మిల్లీమీటర్లు లేవాలి. అసలు లేవకపోతే మరీ బిగువు, చక్రాలు తిరగవు. 7 మిల్లీమీటర్లు లేచిందంటే కొమ్ము గాడిలోంచి పూర్తిగా బయటికి వచ్చేస్తుందన్నమాట. అప్పుడు కొమ్ము ఉన్నా లేనట్టే. మన ఉత్తరం అబ్బాయి పడ్డ అవస్థ అంతా ఈ బిగువుకూ వదులుకూ మధ్యనే.

పొక్లెయినుకు కూడా ఈ బిగింపు ఉంటుంది. దానికి చీలిక బదులు లోపల ఒక గొట్టం, ముషలకం ఉంటాయి. గ్రీజు ఎక్కిస్తే ముషలకం కొస చక్రాన్ని తోసి గొలుసును బిగిస్తుంది. ఎక్కడైనా పొక్లెయిను ఆగి ఉన్నప్పుడు, దాని మనిషిని అడిగి దూరంనుంచి చూపించమనండి. నడుస్తున్నప్పుడు మాత్రం దగ్గరకు పోకండి.

మూడు పరీక్షలు

మొదటిది మలుపు. బండి ముందు రెండు పక్కలా దారాలు కట్టి, చాప మీద లాగండి. ఎడమ పట్టీని వేలితో ఆపి, కుడివైపు దారం లాగండి. బండి ఎడమకు తిరగాలి. పది సార్లు ఎడమకు, పది సార్లు కుడికి తిప్పి, ఎన్నిసార్లు ఊడిందో పుస్తకంలో రాసుకోండి. నేను ఇరవై సార్లు తిప్పాను, ఒకసారి ఊడింది. చూస్తే ఒక కొమ్ము జిగురు వీడి పడిపోయింది. దాన్ని మళ్లీ అతికించాక ఊడలేదు.

రెండోది కందకం. ఒకే మందం ఉన్న పుస్తకాలు రెండు పెట్టి, మధ్యలో 8 సెంటీమీటర్ల సందు వదలండి. బండిని మెల్లగా దాటించండి. తరువాత సందు కొంచెం కొంచెం పెంచుతూ పోండి. 10 సెంటీమీటర్ల దగ్గర బండి ముక్కు కందకంలో పడుతుంది. ఎందుకని? బండి బరువుకు కేంద్రం నడుమ ఉంది. ఆ కేంద్రం గట్టు దాటేలోగా ముందు చక్రం అవతలి గట్టు ఎక్కాలి. చక్రాల పొడవు 20లో సగం 10. అందుకని 10కి లోపలైతే దాటుతుంది. బండి మీద ఒక రాయి ముందువైపు పెట్టి ఒకసారి, వెనకవైపు పెట్టి ఒకసారి చూడండి. ముందు పెడితే చిన్న సందులోనే ముక్కు పడుతుంది. వెనక పెడితే దాటిపోయేటప్పుడు తోక పడుతుంది.

మూడోది వింత. పట్టీ పైన ఉన్న ఒక పుల్లకూ, కింద నేలను ఆని ఉన్న ఒక పుల్లకూ సుద్దముక్కతో గుర్తు పెట్టి, బండిని 5 సెంటీమీటర్లు ముందుకు నడపండి. కింది పుల్ల ఎక్కడిది అక్కడే ఉంటుంది! పైపుల్ల 10 సెంటీమీటర్లు ముందుకు పోయి ఉంటుంది. టాంకు నడుస్తున్నంతసేపూ నేలను ఆనిన పట్టీ కదలదు, పైన ఉన్న పట్టీ బండికి రెట్టింపు వేగంతో పరిగెత్తుతుంది. గొలుసు పట్టీ అంటే తన దారిని తానే ముందు పరుచుకుని, వెనకనుంచి తానే చుట్టుకుపోయే బండి అన్నమాట.

పుల్లలని చిన్నచూపు చూడకండి

"ఐసుక్రీము పుల్లలతో పట్టీ ఏమిటి?" అని ఎవరైనా నవ్వితే వారికి ఈ కథ చెప్పండి. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రంలో, స్టాక్‌టన్ అనే ఊరి దగ్గర మెత్తటి డెల్టా నేలలున్నాయి. ఆవిరితో నడిచే బరువైన పొలం బండ్లు వాటిలో దిగబడిపోయేవి. బెంజమిన్ హోల్ట్ అనే ఆయన 1904 నవంబరులో ఒక బండి వెనక చక్రాలు తీసేసి, గొలుసులకు చెక్క పలకలు బిగించిన పట్టీలు పెట్టి నడిపించాడు. చెక్క పలకలే! అది పాకే తీరు చూసి ఒక ఫోటోగ్రాఫరు గొంగళిపురుగుతో పోల్చాడు. ఆ పేరే బండికి నిలిచింది.

ఆ చెక్క పలకల వంశం ఎక్కడి దాకా పోయిందో చూడండి. చంద్రుడి మీదికి మనుషులను పంపిన రాకెట్టును ప్రయోగవేదిక దగ్గరకు మోసుకుపోవటానికి అమెరికావారు 1965 ప్రాంతంలో రెండు పెద్ద బండ్లు చేశారు. ఒక్కొక్క బండికి ఎనిమిది పట్టీలు, ఒక్కొక్క పట్టీకి 57 పలకలు, ఒక్కొక్క పలక బరువు సుమారు 900 కిలోలు. మోతతో నడిచేటప్పుడు గంటకు మైలు వేగమే. మీరు నడిచినా దాన్ని దాటిపోతారు. 2022లో చంద్రుడి చుట్టూ తిరిగి వచ్చిన నౌక రాకెట్టును మోసింది కూడా ఆ బండ్లలో ఒకటే.

మన దేశంలో చెన్నై దగ్గర ఆవడిలో టాంకులు తయారవుతాయి. అక్కడ తయారైన విజయంత టాంకు 1965లో మొదటిసారి బయటికి వచ్చింది. తెలంగాణలో, సంగారెడ్డి జిల్లా ఎద్దుమైలారంలో 1984లో పెట్టిన కార్ఖానాలో సైనికులను మోసే 'శరత్' బండ్లు తయారవుతాయి. వాటికీ గొలుసు పట్టీలే.

పెద్దలకు ఒక మాట

మీ పిల్లవాడి పట్టీ మొదటిసారి ఊడిపోవచ్చు. అప్పుడు మీరే తీసుకుని బాగుచేసి ఇవ్వకండి. "ఏ పక్కకు ఊడింది? తిన్నగా పోతున్నప్పుడా, తిరుగుతున్నప్పుడా?" అని అడగండి, అంతే. ఆ రెండు ప్రశ్నలకూ జవాబు వెతికితే, మిగతాది వాడే చేసుకుంటాడు. అమ్మాయి అయితే ఆమే చేసుకుంటుంది.

ఇక ఉత్తరం రాసిన అబ్బాయికి. నాయనా, నీ టాంకు ప్రదర్శనలో ఊడింది కాబట్టే నా తప్పు నాకు తెలిసింది. నువ్వు సిగ్గుపడి ఊరుకుని ఉంటే, ఎంతమంది ట్యూబు ముక్కలతో తంటాలు పడేవారో! కొత్త పట్టీ చేశాక టాంకును మళ్లీ బడికి తీసుకుపో. మాస్టారు తిప్పమనేదాకా ఆగకు. "తిప్పి చూడండి మాస్టారూ!" అని నువ్వే ఆయన చేతికి ఇవ్వు.

వచ్చే నెల ఈ బండికి మోటార్లు పెడదాం. అందరూ ఆలోచించటానికి ఈ లోపల ఒక ప్రశ్న: ముందు చక్రాన్ని మిగతావాటి కంటే ఒకటిన్నర సెంటీమీటర్లు ఎత్తులో పెడితే బండికి లాభమేమిటి? అప్పుడు పట్టీ పొడవు ఎంత కావాలి? దారంతో కొలిచి రాయండి. ఊడితే, ఎలా ఊడిందో కూడా రాయండి.